ఇది ఇక్కడే ఎందుకుంది?

సెలవులు రాగానే మనకు అరకు, ఊటీ గుర్తొస్తాయి. చేతిలో నాలుగు డబ్బులుంటే సింగపూర్ గుర్తొస్తుంది. వెళ్ళొచ్చాక ఫోన్ నిండా ఫొటోలుంటాయి గానీ, వాటిలో సగం ఏ ఊళ్ళో తీసినవో నెల తిరిగేసరికి మనకే గుర్తుండదు. దూరం వెళ్ళొద్దని నేననను. కానీ చూడటం కూడా నేర్చుకుంటే వచ్చే విద్యే. దాన్ని నేర్చుకోవడానికి దూరాభారం అక్కర్లేదు. మనం బస్సులో పోతూ కిటికీలోంచి చూసి వదిలేసిన పక్క జిల్లా పల్లెటూరు చాలు.

ఈ అధ్యాయంలో మీరు చేయాల్సిన పని ఇది. ఒక చిన్న ఊరిని ఎంచుకోండి. రెండు రోజులు దాని చుట్టుపక్కలే తిరగండి. మూడు నాలుగు చోట్లకు మించి పెట్టుకోవద్దు. చూసిన ప్రతిదాని దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఇక్కడే ఎందుకుంది? గుడి కావచ్చు, కాలువ కావచ్చు, మిరప చేను కావచ్చు, కొండ మీద కోట కావచ్చు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెడితే ఒకదాని జవాబు ఇంకొకదాని దగ్గర దొరుకుతుంది. అప్పుడు విడివిడిగా చూసినవన్నీ కలిసి ఒక సీమ అవుతాయి.

ప్రపంచంలో పేరు మోసిన చిన్న ఊళ్ళకు జనం ఇలాగే వెళ్తారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో హే-ఆన్-వై అని ఒక ఊరుంది. మన మేజర్ పంచాయతీల ముందు అది చాలా చిన్నది. 1960ల మొదట్లో రిచర్డ్ బూత్ అనే ఆయన అక్కడ పాత పుస్తకాల దుకాణం తెరిచాడు. చూస్తుండగానే ఊరంతా పుస్తకాల దుకాణాలయ్యాయి. 1988లో సాహిత్యోత్సవం మొదలైంది. పుస్తకాల కోసం వచ్చినవాళ్ళు అక్కడితో ఆగరు. చుట్టూ ఉన్న కొండల మీదా, గొర్రెలు మేసే బీళ్ళ గుండా నడుస్తారు. ఆ దేశంలో పొలాల మధ్యనుంచి పోయే కాలిబాటల మీద నడిచే హక్కు చట్టంలోనే ఉంది. హక్కుతో పాటు ఒక మర్యాద కూడా నేర్పుతారు. గేటు మూసి ఉంటే మూసి వెళ్ళాలి, తెరిచి ఉంటే తెరిచే వదిలేయాలి.

మనకు గేట్లు లేవు. డొంకలున్నాయి, గట్లున్నాయి, మడవలున్నాయి. డొంక అందరిదీ, దాని మీద ఎంత దూరమైనా నడవొచ్చు. గట్టు రైతుది. దాని మీద కాలు పెట్టేముందు చేలో ఎవరున్నారో చూసి ఒక కేక వేయాలి. నీరు పారుతున్న మడవను తొక్కి చెదరగొడితే ఆ రోజు ఆ రైతు తడి అంతా పక్క చేలోకి పోతుంది. పల్లెకు వెళ్ళే ముందు పిల్లలకు ఈ మూడూ చెప్పి తీసుకెళ్ళండి.

ఉదాహరణకు ఒక ఊరు తీసుకుందాం

గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల్లో ఎంచుకోదగ్గ ఊళ్ళు చాలా ఉన్నాయి. నేను చేజర్లను ఎంచుకుంటాను. నరసరావుపేట నుంచి గంటలోపు ప్రయాణం, నెకరికల్లు మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పటినుంచీ అది పల్నాడు జిల్లాలో ఉంది. పాత పుస్తకాల్లో గుంటూరు జిల్లా అనే ఉంటుంది. బయల్దేరే ముందు ఒక జాగ్రత్త: నెల్లూరు జిల్లాలో చేజర్ల పేరుతో ఏకంగా ఒక మండలమే ఉంది. ఫోన్ మ్యాపులో ఉత్త పేరు కొట్టి బయల్దేరితే ఎటు పోతారో చెప్పలేం. 'నెకరికల్లు చేజర్ల' అనో, 'కపోతేశ్వరాలయం' అనో వెతకండి.

మకాం నరసరావుపేటలో పెట్టుకోండి. గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్ళే రైలు మార్గంలో ఫిరంగిపురం దాటాక నరసరావుపేట వస్తుంది. అక్కడ లాడ్జీలకు కొదవలేదు. ఊళ్ళకు ఆర్టీసీ బస్సులూ, ఆటోలూ దొరుకుతాయి. సొంత బండి ఉంటే మరీ మంచిది, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగొచ్చు. ఇక కాలం సంగతి. నవంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా రండి. చలికాలంలో పత్తి తీతలు కనిపిస్తాయి, సంక్రాంతి దాటితే మిరప కోతలు జోరందుకుంటాయి. ఏప్రిల్ వచ్చిందంటే మాత్రం ఈ వైపు రావద్దు. ఎండాకాలంలో వార్తల్లో వినపడే రెంటచింతల ఈ పల్నాడులోదే. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు వెంట ఉంటే మరుగుదొడ్డి సంగతి పట్నంలోనో, దారిలో పెట్రోలు బంకులోనో చూసుకుని కదలండి. ప్రయాణాల పుస్తకాలు ఈ మాట రాయవు. ఇది తీరకపోతే ఎంత గొప్ప గుడి ముందు నిలబడ్డా మనసు నిలవదు.

గుడి దగ్గర తీరిగ్గా కూర్చోండి

చేజర్లలో కపోతేశ్వరస్వామి గుడి ఉంది. భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పెద్ద గోపురాలు చూసి చూసి ఉన్న కళ్ళకు ఇది మొదట ఆనదు. ఆవరణలో చిన్న చిన్న గుళ్ళు, పాతిన రాళ్ళు, శాసనాలు, వాటి మధ్య పొడవాటి ఇటుక కట్టడం. లోపలికి వెళ్ళి దర్శనం చేసుకుని ఐదు నిమిషాల్లో బయటపడేవాళ్ళే ఎక్కువ. మీరు అలా చేయకండి. గుడి పక్కకు వెళ్ళి నిలబడి, పైకప్పును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూడండి. ముందు భాగం చదునుగా ఉంటుంది, వెనక గుండ్రంగా తిరిగిపోతుంది. ఏనుగును వెనక నుంచి చూసినట్టుంటుందని శిల్పులు దీన్ని గజపృష్ఠం అన్నారు. ముందు వైపు కప్పు చివర గుర్రపు లాడం ఆకారంలో ఒక తోరణం ఉంటుంది. అమరావతి శిల్పాల్లో, అజంతా గుహల ముఖద్వారాల మీద కనిపించే తోరణం అదే.

ఆ కప్పు ఎందుకలా వంగింది? ఇటుకలతో కట్టేవాడికి వంపు తిప్పడం కష్టమైన పని. కానీ ఈ ఆకారం పుట్టింది ఇటుకలో కాదు, వెదురులో. వెదురు బద్దలను వంచి రెండు వైపులా కట్టి, పైన గడ్డి కప్పితే వచ్చే ఇల్లు ఇలాగే ఉంటుంది. తరతరాలుగా కళ్ళకు అలవాటైన ఆ కప్పును ఇటుకలోకి, గుహల్లో రాతిలోకి తెచ్చారు. బౌద్ధులు చైత్యాలు కట్టింది ఈ పద్ధతిలోనే. చేజర్ల గుడి మొదట బౌద్ధ చైత్యమనీ, తర్వాత శివాలయం అయిందనీ చాలామంది చరిత్రకారులు చెబుతారు. ఇటుకతో కట్టి, కప్పుతో సహా నిలిచిన ఇలాంటి ప్రాచీన కట్టడాలు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాస్తు చరిత్ర పుస్తకాల్లో మహారాష్ట్రలోని తేర్ గుడి పేరు, మన చేజర్ల పేరు పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇప్పుడు నోటుపుస్తకం తీసి గుడిని పక్కనుంచి గీయండి. బొమ్మలు రావని తప్పించుకోవద్దు. బొమ్మ బాగా రావడం ముఖ్యం కాదు. గీయాలంటే వంపు ఎక్కడ మొదలైందో, గోడ ఎక్కడ ఆగిందో చూడక తప్పదు. ఫొటో తీసేటప్పుడు ఆ పని యంత్రం చేసేస్తుంది, మన కన్ను చేయదు. వెంట పిల్లలుంటే ఆవరణలోని రాళ్ళ మీద ఎన్ని రకాల బొమ్మలున్నాయో లెక్కపెట్టమనండి. కత్తి పట్టిన వీరుల రాళ్ళు కనిపిస్తే ఆ రాయి ఎవరి కోసం నిలిపారో ఊహించమనండి. శాసనం మీద సుద్ద రాయడం, నూనె పూయడం, నీళ్ళు పోసి తోమడం మాత్రం చేయనివ్వకండి. పదిహేను వందల ఏళ్ళు నిలిచిన అక్షరాన్ని ఒక్క చీపురు చెరిపేయగలదు.

తర్వాత పూజారిగారినో, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళనో కథ అడగండి. శిబి చక్రవర్తి కథ చెబుతారు. డేగ తరుముతుంటే తన ఒళ్ళో వాలిన పావురాన్ని కాపాడటానికి తొడ కోసి ఇచ్చిన శిబి ఇక్కడే లింగమయ్యాడనీ, లింగం మీద ఉన్న గుంటలు ఆ గాయాలేననీ అంటారు. శ్రద్ధగా వినండి, మధ్యలో చరిత్ర చెప్పి అడ్డు తగలకండి. ఎందుకంటే ఈ కథ మహాభారతంలో ఉంది, బౌద్ధుల జాతక కథల్లోనూ ఉంది. ఇక్కడికి ఎగువన కృష్ణ ఒడ్డునున్న నాగార్జునకొండలో ఇదే శిబి కథను శిల్పంగా చెక్కారు. ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగేముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన శిల్పాలు ఇప్పుడు ద్వీపం మీది మ్యూజియంలో ఉన్నాయి. బౌద్ధం పోయి శైవం వచ్చినా పావురం మాత్రం ఈ ఊరిని వదిలిపోలేదు. మతం మారినా జనం కథను మార్చుకోలేదన్న ఈ సంగతి నాకు ఏ శాసనం కన్నా ఎక్కువ విలువైందిగా తోస్తుంది.

ఇక అసలు ప్రశ్న: ఇది ఇక్కడే ఎందుకుంది? మ్యాపు తెరిచి చూడండి. ఎగువన నాగార్జునకొండ, దిగువన అమరావతి. రెండూ కృష్ణ ఒడ్డునున్న పెద్ద బౌద్ధ కేంద్రాలు. వాటి నడుమ, నదికి దక్షిణంగా ఉన్న నేల ఇది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల తర్వాత ఈ సీమను ఆనందగోత్రజులనే రాజులు ఏలారు. వాళ్ళ గురించి చెప్పే ఆధారాలు చాలా తక్కువ: గోరంట్ల, మట్టెపాడు రాగిరేకులు, ఈ చేజర్ల శాసనం. ఆ శాసనం కందరుడనే రాజును కృష్ణానదికీ, త్రికూట పర్వతానికీ ప్రభువని పొగుడుతుంది. వాళ్ళ రాజధాని కందరపురం ఈ చేజర్లేనని కొందరి అభిప్రాయం. త్రికూటమంటే మూడు శిఖరాల కొండ. అది కోటప్పకొండే అయ్యుండాలంటారు. అదే నిజమైతే, రేపు మీరు ఎక్కబోయే కొండ పేరు ఇవాళ ఈ రాతి మీద ఉందన్నమాట.

కల్లం దగ్గర

గుడి చూశాక బండెక్కి వెళ్ళిపోకండి. డొంక పట్టుకుని నడవండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఐతే కాస్త దూరం పోగానే ఎర్రటి కల్లాలు కనిపిస్తాయి. ఘాటు ముందుగా ముక్కుకు తగులుతుంది, తర్వాత గొంతులో దగ్గు మొదలవుతుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకోండి. కాయ ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోవద్దు. మందు కొట్టిన చేలోకి అసలు దిగొద్దు, చెట్టు మీది కాయ తుంచి నోట్లో పెట్టుకోవద్దు.

అలా ఒక కల్లం దగ్గర ఆగినప్పుడు ఒక పెద్దాయన అడిగాడు.

"ఎవరింటికి బాబూ?"

"ఎవరింటికీ కాదు పెదనాన్నా. గుడి చూద్దామని వచ్చాం."

"గుడి అటుందిగా. ఇక్కడేముందని?"

"కాయ ఎట్లా ఎండబెడతారో చూద్దామని."

"చూడటానికేముంది. పొద్దున ఎండ చూసుకోవాల, సాయంత్రం మబ్బు చూసుకోవాల. అంతే." అని నవ్వి, ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజలు గలగలలాడాయి. "ఇది ఎండినట్టు. ఇంకా ఎండితే బస్తాలో తొక్కేటప్పుడు నలిగిపోద్ది. పచ్చి మీద తొక్కితే బూజు పడద్ది. మజ్జన ఆపాల."

ఆయన చెప్పిన ఆ మధ్యలోనే ఏడాది కష్టమంతా ఉంది. కోసిన కాయను వెంటనే ఎండలో పోయరు. కుప్పగా పెట్టి రంగు సమంగా తిరగనిస్తారు. తర్వాత పట్టాల మీద పలచగా పరుస్తారు. సాయంత్రం మంచు పడకముందే మళ్ళీ కుప్ప చేసి పట్టా కప్పుతారు. తెల్లారి మళ్ళీ విప్పుతారు. కల్లం అంచున కూర్చున్న ఆడవాళ్ళు కాయలను ఏరుతుంటారు. ఎర్రగా నిగనిగలాడేది ఒక వైపు, తెల్లగా మచ్చ పడ్డ తాలు ఒక వైపు. వాళ్ళ వేళ్ళు ఎంత వేగంగా కదులుతాయంటే ఏ కాయ ఎటు పోయిందో మన కంటికి అందదు. ఆ తాలుకూ, మంచి కాయకూ గుంటూరు మిర్చి యార్డులో ధర తేడా చాలా ఉంటుంది. టిక్కీల్లోకి, అంటే బస్తాల్లోకి, తొక్కిన కాయ అక్కడికే పోతుంది. తేజ రకం కారానికి, బాడిగ రకం రంగుకు పెట్టింది పేరు. ఈ సీమ సన్నం మిరపకు 'గుంటూరు సన్నం' పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇప్పుడు మన ప్రశ్న. మిరప ఇక్కడే ఎందుకుంది? మిరప మన నేలది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద పదహారో శతాబ్దంలో భారతదేశానికి వచ్చింది. అంతకు ముందు మన వంటల్లో ఘాటుకు మిరియాలు, పిప్పళ్ళు ఉండేవి. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు మిరపకాయ రుచి ఎరగడు. ఈ ఒక్క ముక్క తెలిశాక గుంటూరు కారం అనాదిదనే భ్రమ పోతుంది. నల్లరేగడి, కాయ ఎండే రోజుల్లో వాన పడని ఆకాశం, యార్డు, గుంటూరు దగ్గరి లాంఫారం వ్యవసాయ పరిశోధనలు అన్నీ కలిసి వచ్చాయి. వాటికి తోడు సాగర్ నీళ్ళు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టల్లోకి పారింది. అంతకుముందు జొన్న, సజ్జ పండిన నేలలో పత్తి, మిరప, వరి వచ్చాయి. కాలువ గట్టు మీద పది నిమిషాలు నడవండి. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ, ఈ కుడి కాలువకు జవహర్ కాలువ అని పేర్లున్న సంగతి పిల్లలకు చెప్పండి.

అందం చూడటానికి వెళ్ళిన చోట కష్టం కూడా కనిపిస్తుంది, చూపు తిప్పుకోవద్దు. తెల్లగా విరగబూసిన పత్తి చేను ముందు ఫొటో దిగడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ 1987-88లో ఇవే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని మింగేసింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, దారి తోచక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. 2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది, పూత పూత రాలిపోయింది. అందుకని రైతును పలకరించేటప్పుడు 'ఎకరానికి ఎంత మిగులుద్ది?' అని మొదలుపెట్టకండి. కొత్త మనిషి మొదటి మాటగా డబ్బులెన్ని అని అడగడం మనకు పట్నంలోనూ మర్యాద కాదు. 'ఈ ఏడు కాపు ఎట్లా ఉంది?' అని అడగండి. చెప్పాలనిపిస్తే మిగతాది వాళ్ళే చెబుతారు. మాటల్లో మీది ఏ ఊరు, ఎవరి తాలూకు అని వాళ్ళూ అడుగుతారు. విసుక్కోకండి. ఊరు, తాతలు, చేసే పని చెప్పండి. కులం ఆరా మొదలైతే 'మేం గుంటూరు నుంచి వచ్చాం పెదనాన్నా' అని మళ్ళీ ఊరి దగ్గరికే తీసుకురండి, నొచ్చుకోరు. పని చేస్తున్న ఆడకూతుళ్ళ ఫొటో అడక్కుండా తీయొద్దు. అడిగి తీసినా ఆ ఫొటో వాళ్ళకు చేరేలా చూడండి. ఎవరైనా ఇంటికి పిలిచి అన్నం పెడితే కాదనకండి. మిరప కోతల రోజుల్లో ఐతే అప్పుడే దంచిన కొరివికారం వడ్డిస్తారు. పండు మిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి రోట్లో తొక్కిన పచ్చడి అది. దాని మీద నెయ్యి ధారాళంగా పోసుకోండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే.

రెండో రోజు

తెల్లవారుజామునే కోటప్పకొండకు బయల్దేరండి. నరసరావుపేటకు దగ్గరే. ఘాట్ రోడ్డుంది, మెట్ల దారీ ఉంది. కాళ్ళలో సత్తువ ఉంటే మెట్లే ఎక్కండి. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ ఎటు నుంచి చూసినా కనిపిస్తాయంటారు. ఎక్కుతూ ఎక్కుతూ అది నిజమో కాదో చూడండి. గొల్లభామ ఆనందవల్లి కథ మెట్ల దగ్గర ఎవరినడిగినా చెబుతారు. నిండు చూలాలుగా రోజూ రుద్రశిఖరం ఎక్కలేక, కొండ మీది శివుణ్ణే కిందికి రమ్మంది. వెనక్కి చూడనంటే వస్తానన్నాడాయన. బ్రహ్మశిఖరం దగ్గర ఆమె వెనుదిరిగి చూసింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. గుడి ఆ శిఖరం మీదే ఎందుకుందన్న ప్రశ్నకు జనం చెప్పుకున్న జవాబిది. మీరు నోటుపుస్తకంలో ఒక పేజీ ఇలాంటి జవాబులకు ఉంచండి. ప్రతి ఊరికీ చరిత్ర చెప్పే జవాబొకటి, జనం చెప్పే జవాబొకటి ఉంటాయి. రెండూ రాసుకోవాలి.

శివరాత్రి తిరునాళ్ళ సంగతి వేరు. ఆ రాత్రి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు వస్తాయి. బొంగులతో, కర్రలతో నిలువుగా కట్టి, రంగు కాగితాలు, బొమ్మలు, విద్యుద్దీపాలతో అలంకరించినవి. ఎనభై తొంభై అడుగులు లేచేవీ ఉంటాయి. చిలకలూరిపేట పక్కనున్న పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళకు ప్రభ కట్టడం పరువు సంగతి. జనసముద్రంలో ఇమడగలిగితే ఆ రాత్రే వెళ్ళండి. చంటిపిల్లలు వెంట ఉంటే ఇంకో మార్గం చెబుతాను. తిరునాళ్ళకు ముందు రోజుల్లో ప్రభ కట్టే ఊరికి వెళ్ళండి. కొలత తప్పకుండా అంత ఎత్తు ఎలా నిలబెడతారో, కరెంటు తీగల కింద నుంచి ఎలా దాటిస్తారో కట్టేవాళ్ళే చెబుతారు. పండగ రాత్రి వాళ్ళకు మీతో మాట్లాడే తీరిక ఉండదు. మందికి చూపించేదాని కన్నా అది తయారయ్యేచోటే నేర్చుకునేది ఎక్కువ.

మధ్యాహ్నం తర్వాత కొండవీడు. నేల చదునుగా పోతూ పోతూ ఉన్నట్టుండి లేచిన కొండల వరుస. ఇప్పుడు పైదాకా రోడ్డుంది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఎందుకు మార్చాడో పైకెక్కి నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. చుట్టూ చదును నేల, వచ్చే సైన్యం ఎంత దూరంలో ఉన్నా కనపడుతుంది. కొండ మీద మూడు చెరువులున్నాయి, అంటే ముట్టడి ఎన్నాళ్ళు సాగినా తాగే నీళ్ళకు ఇబ్బంది లేదు. సముద్రం వైపు మోటుపల్లి రేవు. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయమిచ్చిన శాసనం అక్కడే ఉంది. 1358లో అనవోతారెడ్డి కూడా అదే రేవులో వర్తకులకు శాసనం వేయించాడు. కొండ మీద కోట, కింద సాగునేల, అంచున రేవు. ఇంతటి కోటను కూడా 1515లో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. కింద గోపీనాథస్వామి గుడి, కత్తుల బావి చూసి దిగండి. శిథిలాల్లో చెక్కిన రాతిముక్కో, పాతకాలపు పెంకో కనపడితే జేబులో వేసుకోవద్దు. ఇంటికి తెచ్చిన ముక్క ఇంట్లో బొమ్మ అవుతుంది. ఉన్నచోట ఉంటేనే అది సాక్ష్యం.

గుంటూరు తిరిగొచ్చే దారిలో పొద్దుంటే ఉప్పలపాడు ఊరిచెరువు దగ్గర ఆగండి. చలికాలంలో గూడబాతులు, రకరకాల కొంగలు చెట్ల మీద కిక్కిరిసి ఉంటాయి. ఊరివాళ్ళు వాటిని తమవిగా చూసుకుంటారు కాబట్టే అక్కడికి వస్తున్నాయి. గట్టిగా అరవకుండా చూసి రండి, చాలు.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే, కనీసం మర్నాడైనా, నోటుపుస్తకంలో ఒక్కో చోటికి ఒక్కో పేజీ రాయండి. పేజీ పైన ప్రశ్న ఒక్కటే, కింద మీకు దొరికిన జవాబులు. చేజర్ల పేజీలో కోటప్పకొండ వస్తుంది, కోటప్పకొండ పేజీలో ఆనందగోత్రజులు వస్తారు, మిరప పేజీలో సాగర్ వస్తుంది. జవాబు దొరకని ప్రశ్నలను కొట్టేయకండి. రెండోసారి వెళ్ళడానికి అవే కారణం.

రెండోసారి వెళ్ళేముందు ఒక పని చేయండి. రెండు వందల ఏళ్ళ కిందట కల్నల్ కాలిన్ మెకంజీ అనే సర్వేయరు, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు మన ఊళ్ళ కరణాల దగ్గరా, పూజారుల దగ్గరా ఊరి చరిత్రలు రాయించి పోగుచేశారు. వాటినే కైఫీయతులంటారు. గుంటూరు సీమ గ్రామాల కైఫీయతులు పుస్తకాలుగా అచ్చయ్యాయి, పెద్ద గ్రంథాలయాల్లో అడిగితే ఇస్తారు. మీరు వెళ్ళొచ్చిన ఊరిదో, మీ అమ్మమ్మగారి ఊరిదో అందులో ఉందేమో చూడండి. ఉంటే ఆ పేజీలు నకలు తీసుకుని, ఈసారి వెళ్ళినప్పుడు అరుగు మీది పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. ఇందులో రాసిన చెరువు ఏది, ఈ పేరుగల పొలం ఎటుందని అడగండి. వాళ్ళు లేచి చూపించడానికి మీ వెంట నడుస్తారు.